మోగేదాకా నింపిన బెలూను

మా అన్న ఆసామి కొడుకు భుజం విరగగొట్టింది ఒక క్రిస్మస్ మధ్యాహ్నం. ఆరాధన ముగిసి, మేమింకా కొత్త బట్టలతో చర్చి ముందే నిలబడి ఉన్నాం. పామాయిల్ గెలలు కోసే గెడతో కొట్టాడు. నిలువెత్తు ఇనుప గొట్టం అది. కొసకు ఉలిలాంటి పదునైన పలక ఉంటుంది. ముళ్ల మట్టల సందులోంచి గెల కాడను పొడిచి తెంపడానికి దాన్ని వాడతారు. ఆ రోజు పలక ఉన్న కొస వెనక్కి తిరిగి ఉండటం వల్ల ఆసామి కొడుకు ప్రాణాలతో మిగిలాడు. గొట్టం మాత్రం అతని కుడి భుజం మీద పూర్తి బరువుతో దిగింది. ఎండిన జొన్న దంటు విరిగినట్టు ఒక పొడి చప్పుడు వినిపించింది. నా పక్కన నిలబడ్డ అమ్మ రెండు చెవులూ మూసుకుంది.

దానికి కారణం ఒక బెలూను.

మా ఊరు దమ్మపేటకూ అశ్వారావుపేటకూ నడుమ, అడవి అంచున ఉంటుంది. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. రోడ్డుకు ఒక పక్క మా పేట, మా చర్చి. రెండో పక్క ఆసామి పామాయిల్ తోట, తోట గేటు, గేటు లోపల మేడ. వాళ్లు కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. మా పేటలో సగం మంది వాళ్ల తోటలోనే పని చేసేవారు. మా నాన్న నా చిన్నతనంలోనే పోయాడు. అన్న గెలలు కోసేవాడు. అమ్మ చెట్ల కింద రాలిన పండ్లు ఏరేది. ఆ ఇద్దరి రెక్కల మీద నేను సత్తుపల్లిలో డిగ్రీ చదువుతున్నాను. మా వంశంలో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేనే.

క్రిస్మస్ నాడు చర్చి ముందు నుంచి ఒక పెద్ద గ్యాసు బెలూన్‌కు జరీ కాగితపు నక్షత్రం కట్టి ఆకాశంలోకి వదలడం మా పేటవాళ్లు కొత్తగా పెట్టుకున్న ఆనవాయితీ. మొదట్లో తిరునాళ్లలో దొరికే రబ్బరు బుడగలను గుత్తిగా కట్టి వదిలేవారు. అన్న దాన్ని పెద్ద పని చేశాడు. నర్సరీలకు వాడే పల్చని పాలిథిన్ పట్టాలు తెచ్చి, గుమ్మడికాయ చారల్లా కత్తిరించాడు. ఆ ముక్కల అంచులు ఒకదానిపై ఒకటి పెట్టి, పైన పాత వార్తాపత్రిక పరిచి, బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో నిదానంగా లాగితే అతుక్కుంటాయి. అతుకులు వేసే పని నాది. గ్యాసు పని అన్న చూసేవాడు. భద్రాచలం తిరునాళ్లలో బుడగలమ్మే ఒకతని దగ్గర ఆ విద్య నేర్చుకున్నాడు. ఇనుప డ్రమ్ములో కాస్టిక్ సోడా నీళ్లు, పాత అల్యూమినియం గిన్నెల ముక్కలు కలిస్తే లోపల ఏదో మృగం గుర్రుమన్నట్టు చప్పుడయ్యేది. డ్రమ్ము చేయి పెట్టలేనంత కాలేది. గొట్టం గుండా గ్యాసు వచ్చి పాలిథిన్ సంచిలోకి ఎక్కేది.

ఎంత నింపాలి అన్నదానికి మా వాళ్లకు ఒకటే కొలత. బెలూను డప్పులా మోగాలి. అన్న వేలు మడిచి దాని పొట్ట మీద కొట్టి చూసేవాడు. మొద్దుగా పలికితే ఇంకా నింపేవాడు. ఖంగుమంటే మూతిని నైలాన్ తాడుతో బిగించి కట్టేవాడు. ఎక్కడా ఒక్క ముడత కూడా కనిపించకూడదు. ముడతలున్న బెలూను వదలడం పండుగపూట మాసిన బట్ట కట్టుకోవడం లాంటిదని అందరి నమ్మకం.

ఆ క్రిస్మస్ నాడు అలాగే మోగేదాకా నింపి వదిలారు. బెలూను నిటారుగా లేచింది. పిల్లలు ఈలలు వేశారు. తాటిచెట్ల ఎత్తు దాటి, తోట మీదుగా ఇంకా పైకి పోయింది. ఉన్నట్టుండి ఒక పక్క నిలువునా చిరిగింది. ఆ వెంటనే పై నుంచి 'టప్' మని చప్పుడు వచ్చింది. పాలిథిన్ పేలికలూ, నక్షత్రమూ వెళ్లి ఆసామి చెట్ల మీద పడ్డాయి.

ఆసామి కొడుకు మేడ మీద నిలబడి ఉన్నాడు. పండ్లు తినే కాకులను కొట్టే ఎయిర్‌గన్ అతని భుజాన ఉంది. అది ఎప్పుడూ ఉండేదే. అతను నవ్వాడు.

"ఏంట్రా, మీ చుక్క మా తోట కూడా దాటలేదు?" అని అరిచాడు.

"కాల్చిండు," అన్నారు మా వాళ్లలో ఎవరో. ఆ మాట ఎవరు మొదట అన్నారో ఈ రోజు వరకు తేలలేదు. నోరు మారే కొద్దీ అది సాక్ష్యమైంది. తుపాకీ ఎత్తుతుండగా చూశామన్నవాళ్లూ తయారయ్యారు. అన్న చర్చి గోడకు ఆనించిన గెడ అందుకుని రోడ్డు దాటాడు. ఆసామి కొడుకు మేడ దిగి గేటు దగ్గరకు వచ్చి ఏదో చెప్పబోతున్నాడు. మాకు వినపడలేదు. అప్పటికే గెడ లేచింది.

తర్వాత జరిగినది కూడా చెప్పాలి. సాయంత్రానికి తోట కాపలా మనుషులు అన్నను ఇంట్లోంచి ఈడ్చుకుపోయారు. కోసి పడేసిన పామాయిల్ మట్టల మీద వెల్లకిలా పడేసి తొక్కారు. ఆ మట్టలకు రెండు పక్కలా రంపపు పళ్లలాంటి ముళ్లుంటాయి. అన్నను మంచం మీద తెచ్చినప్పుడు అతని వీపు దున్నిన చేనులా ఉంది. ముందు పళ్లు రెండు లేవు. అమ్మ ఏడవలేదు. పట్టకారుతో ముళ్లు తీస్తూ కూర్చుంది. పెద్దమనుషులు ఇరువైపులా కేసులు వద్దని రాజీ చేశారు. అమ్మను, అన్నను తోట పనికి రావద్దన్నారు. ఆసామి కొడుకును ఖమ్మం దవాఖానాకు తీసుకెళ్లారు. ఎముక అతుక్కుంది కానీ ఆ చేయి మళ్లీ భుజం ఎత్తుకు లేవలేదు.

ఏడాదంతా మా ఇంట్లో అన్నం ఉడికినట్టే పగ కూడా ఉడికింది. అన్న వేరే తోటలకు పోయి గెలలు కోసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి రాతి మీద గెడ పలకను నూరేవాడు. ఆసామి కొడుకు ఎడమ చేత్తో గురి నేర్చుకుంటున్నాడని ఊళ్లో వదంతి పుట్టింది.

"నేర్చుకోనీ," అన్నాడు అన్న. "ఈసారి బెలూన్ పగిలిందంటే వాని తల పగుల్తది. గెడ తిరగేసి పట్టను."

"ఈ ఏడు ఆ బుడగ వద్దు బిడ్డా," అంది అమ్మ. "పాటలు పాడుకుందాం, దీపాలు పెట్టుకుందాం."

"వదలకపోతే భయపడ్డరంటరు. వదుల్తం."

అన్న ఉత్త మాటలనే మనిషి కాదు. బెలూను పగిలితే ఆ రోజు ఎవరో ఒకరు చస్తారని నాకూ అమ్మకూ రూఢిగా తెలుసు.

ఆ సంవత్సరమే, వానాకాలం వెళ్లాక, మా కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే సార్ గాలి పీడనం గురించి పాఠం చెప్పారు. బల్ల మీద గోడగడియారంలా ఒక ముల్లుతో ఉండే పీడనమాపకం పెట్టి, ముల్లు ఎక్కడుందో రాసుకోమన్నారు. తర్వాత దాన్ని నా చేతికిచ్చి, కాలేజీ వెనక ఉన్న నీళ్ల ట్యాంకు మెట్లు మమ్మల్నందరినీ ఎక్కించారు. పైకి చేరాక చూస్తే ముల్లు వెనక్కి జరిగి ఉంది. తల వెంట్రుక మందమే జరిగిందేమో, కానీ జరిగింది. నేను కిందికి దిగి చూశాను, మళ్లీ ఎక్కి చూశాను. ముల్లు నాతోపాటు దిగింది, నాతోపాటు ఎక్కింది.

"గాలికి బరువుంది," అన్నారు సార్. "కింది గాలి మీద పై గాలంతా కూర్చుని ఉంటుంది. ఎక్కే కొద్దీ మన నెత్తిన కూర్చున్నది తగ్గుతుంది. అందుకే పీడనం తగ్గుతుంది. నేల దగ్గర ఈ తగ్గుదల వేగంగా ఉంటుంది. పైకి పోయే కొద్దీ నెమ్మదిస్తుంది."

"సార్, కింద మూతి బిగించి కట్టిన సంచి పైకి పోతే?" అన్నాను.

"లోపలిది లోపలే ఉంటుంది. బయట నుంచి అదిమిపట్టే బలం తగ్గుతుంది. సంచి ఉబ్బుతుంది."

"ఉబ్బడానికి చోటు లేకపోతే?"

"చిరుగుతుంది. వాతావరణం కొలవడానికి ఎత్తుకు పంపే పెద్ద సంచులను అందుకే నేల మీద వదులుగా నింపుతారమ్మా. అవి పైకి పోయాక నిండుతాయి."

ట్యాంకు మెట్ల మీద నాకు మా బెలూను కళ్ల ముందు కనిపించింది. నా చేత్తో ఇస్త్రీ చేసిన అతుకు నిలువునా విచ్చుకోవడం కనిపించింది. వెంటనే ఆసామి కొడుకు భుజం చప్పుడు వినిపించింది.

అన్నకు చెప్పడానికి చాలా రోజులు పట్టింది. పండుగ దగ్గరపడ్డాక, అతను పాలిథిన్ పట్టా కత్తిరిస్తుండగా చెప్పాను.

"పైకి పోతే గాలి బలం తగ్గుతదా?" అన్నాడు కత్తెర ఆపకుండా. "మరి తాటిచెట్టు ఎక్కినోనికి ఊపిరాడొద్దు గదా?"

"తగ్గుడు జెర్రంతనే అన్నా. మనకు తెల్వదు. సంచికి తెలుస్తది."

"సంచికి తెలుస్తదట. మీ కాలేజీల సంచులకు గూడ పాఠాలు చెప్తున్నరా?"

"నిండా నింపి మూతి కడితే ఎవలు కాల్చకున్నా పగుల్తది. నువ్వే చూడు. చిన్న సంచి చేసిస్త."

కత్తెర ఆగింది. "ఎవలు కాల్చకున్నానా," అన్నాడు మెల్లగా. "చెయ్యి. నేను చెప్పిన తాన వదలాలె."

ఆ ఆదివారం బండి మీద డ్రమ్ము కట్టుకుని అడవి లోపలికి పోయాం. కోత అయిపోయిన పోడు చేను, చుట్టూ టేకు చెట్లు. మనుషుల అలికిడి లేదు. అన్న కర్ర పట్టుకుని చేను చుట్టూ తిరిగాడు. ప్రతి పొదలో పొడిచి చూశాడు. చెట్ల గుబురుల్లోకి రాళ్లు విసిరాడు. ఒక అడవి కోడి అరుస్తూ లేచిపోయింది. ఎవరూ లేరని నమ్మకం కుదిరాక డ్రమ్ములో సరుకు కలిపాడు. సంచి తానే నింపాడు. తానే వేలితో కొట్టి చూశాడు. ఖంగుమంది. తానే మూతి కట్టి వదిలాడు.

అది లేచింది. టేకు చెట్లు దాటింది. చిన్నది కావడంతో చర్చి బెలూను కన్నా ఇంకా ఎత్తుకు పోయింది. పల్చని పొర బిగుసుకుని కాలిన బొబ్బలా మెరిసింది. అప్పుడు అతుకు వెంట ఒక నల్లని గీత పడింది. ఆ వెంటనే 'టప్' మని చప్పుడు వచ్చింది.

అదే చప్పుడు. ఏ తేడా లేదు. సంచి పాము కుబుసంలా వేలాడుతూ కిందికి దిగి ఒక కొమ్మకు చిక్కుకుంది.

"ఇంకోటి," అన్నాడు అన్న. అతని గొంతు మారిపోయింది.

రెండోదాన్ని నేను కొంచెం వెలితిగానే నింపనిచ్చాను. నిండాక మిగిలిన గ్యాసు బయటికి పోయేలా మూతి కట్టకుండా వదులుగా ఉంచమన్నాను. అది నలిగిన చొక్కాలా ముడతలతో ఊగుతూ లేచింది. పోయే కొద్దీ ముడతలు పోయాయి. గుండ్రమైంది. చుక్కంతయింది. కనిపించకుండా పోయింది. చప్పుడు రాలేదు. అన్న మెడ నొప్పి పుట్టేదాకా పైకే చూశాడు.

"అంటే వాడు కాల్చలే," అన్నాడు.

నేను గొట్టం చుట్టడం మొదలుపెట్టాను.

"నేను ఊరికెనే కొట్టిన్నా వాన్ని?"

"అన్నా..."

అతని చేయి లేవడం నేను చూడలేదు. చెంప మీద దెబ్బకు కింద పడ్డాను. కోసిన మోళ్లు అరచేతుల్లో దిగాయి. చెవిలో రైలు పోతున్నట్టు హోరు. లేచేలోగా అతను డ్రమ్మును కాలితో తన్నాడు. మరుగుతున్న సోడా నీళ్లు అతని పాదం మీద ఒలికాయి. తోలు తెల్లబడి, ముడుచుకుని, ఊడివచ్చింది. అన్న కేక వేయలేదు. నేను తాగే నీళ్ల డబ్బా తెచ్చి పాదం మీద గుమ్మరిస్తుంటే నా జుట్టు పట్టుకుని తల పైకెత్తాడు.

"ఎవలకన్న చెప్పినవనుకో, నరుకుత. నీకు చదువెందుకు చెప్పించిన్నే నేను?"

సత్యం తెలిస్తే అతని కోపం చల్లారుతుందని నేను అనుకున్నాను. ఏడాదిగా అతను తిన్న దెబ్బలకు, పోయిన పనికి, అమ్మ మౌనానికి, అన్నిటికీ ఆధారం ఆ తుపాకీయే. దాన్ని నేను తీసేశాను. అతనికి అదిమిపట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

ఇంటికెళ్లాక అమ్మ నా చెంపను, అతని పాదాన్ని చూసింది. "బండి మీంచి పడ్డం," అన్నాడు అన్న. అమ్మ అతని పాదానికి కట్టు కట్టి, నా చెంపకు తడిగుడ్డ పెట్టింది.

క్రిస్మస్ వచ్చింది. అన్న పండుగ దాకా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. గెడ పలకను నూరడం మాత్రం మానేశాడు. ఆరాధన ముగిసేసరికి చర్చి వెనక గోడకు గెడలు వరుసగా ఆనించి ఉన్నాయి. రోడ్డుకు అవతల గేటు లోపల తోట మనుషులు కర్రలతో కూర్చున్నారు. మేడ మీద ఆసామి కొడుకు ఉన్నాడు. ఎడమ చేతిలో ఎయిర్‌గన్. కుడి చేయి పక్కకు వేలాడుతోంది.

అన్న కుంటుతూ వచ్చి డ్రమ్ము దగ్గర కూర్చున్నాడు. బెలూను మోగకముందే, ఇంకా వెలితి ఉండగానే గొట్టం తీసేశాడు.

"ఏందన్నా, గిది బెలూనా, పస్తులున్న ముసలోని పొట్టా?" అన్నాడు అతని స్నేహితుడు. అతను అన్నతోపాటు గెలలు కోసేవాడే. పక్కవాళ్లు నవ్వారు.

"సాలు," అన్నాడు అన్న.

"సాలేంది? మోగనే మోగలే. ఆళ్లు మేడ మీంచి చూస్తున్నరు, ఇజ్జత్ పోతది. నింపు."

"సాలన్న గదరా."

"మూతి గూడ కట్టలే. భయపడ్డవా?"

స్నేహితుడు గొట్టం లాక్కోబోయాడు. అన్న అతని దవడ మీద గుద్దాడు. అంతే, మా వాళ్లు మా వాళ్ల మీదే పడ్డారు. అడ్డొచ్చిన పాస్టరు గారికి మోచేయి తగిలి కళ్లద్దాలు పోయాయి. ఎవరో గెడ గొట్టంతో అన్న తల మీద కొట్టారు. రక్తం కళ్లలోకి కారుతున్నా, బెలూనును గుంజకు కట్టి ఉంచిన తాడును అతను వదల్లేదు. బెలూనుకు వీపు ఆనించి అందరినీ కాళ్లతో తంతూ, నడుముకున్న కొడవలి తీసి తాడు కోసేశాడు.

బెలూను లేచింది. దాని పొట్ట మీద అన్న రక్తపు చేయి అచ్చుగా పడి ఉంది. ముడతలతో, భుజాలు ఎగరేస్తున్నట్టు ఊగుతూ పోయింది. ఆడవాళ్లు తలలు దించుకున్నారు. తోట వైపు నుంచి నవ్వులు వినిపించాయి. కొట్టుకుంటున్నవాళ్లు ఆగి పైకి చూశారు.

తాటిచెట్ల ఎత్తు దాటింది. పోయినేడు పగిలిన చోటు వచ్చింది. అందరూ ఆ చప్పుడు కోసం ఎదురుచూశారు. రాలేదు. ముడతలు ఒక్కొక్కటిగా విప్పుకుని బెలూను నిండుగా, గుండ్రంగా అయింది. నక్షత్రం ఎండలో ఒకసారి మెరిసింది. అడవి మీదుగా చిన్నదై పోయింది.

మొదట తేరుకున్నది అన్న స్నేహితుడే. నోట్లోంచి రక్తం ఉమ్మి, మేడ వైపు తిరిగి అరిచాడు.

"భయపడ్డడ్రా. ఈసారి కాల్చలే."

"కాల్చలే, భయపడ్డడు," అని మిగతావాళ్లు అందుకున్నారు. గెడలు పైకి లేచాయి. పోయినేడు కాల్చాడన్నది ఇప్పుడు మరింత ఖాయమైంది. మా వాళ్ల ముఖాల్లో గెలిచిన కళ కనిపించింది. అటువైపు కర్రలు పట్టుకున్నవాళ్లు లేచి నిలబడ్డారు.

అన్న ఆ అరుపులు విన్నాడు. కొడవలి కింద పడేశాడు. ఉత్త చేతులతో రోడ్డు దాటి గేటు దగ్గరకు కుంటుతూ నడిచాడు. నేను వెంట పరుగెత్తాను. తోట మనుషులు చుట్టుముట్టారు. ఆసామి కొడుకు మేడ దిగి వచ్చాడు.

"పోయినేడు నువ్వు కాల్చలే," అన్నాడు అన్న. "అది దానంతట అదే పగిలింది. మా చెల్లె చూపెట్టింది."

ఆసామి కొడుకు అతనికి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"నేను కాల్చలేదని నాకు తెలీదనుకున్నావా? ఆవేళ గేటు దగ్గరకి వచ్చింది ఆ మాట చెప్దామనే. నీ గెడ దిగేలోగా రెండుసార్లు చెప్పాను. విన్నావా?"

"ఇన్లే."

ఎయిర్‌గన్ మడమతో, ఎడమ చేత్తో, ఆసామి కొడుకు అన్న ముఖం మీద కొట్టాడు. అన్న కింద పడ్డాడు. లేచి మళ్లీ అక్కడే నిలబడ్డాడు. చేతులు ఎత్తలేదు. రెండో దెబ్బ దవడ మీద పడింది. మళ్లీ లేచాడు. ఎవరైనా తన మీద చేయి ఎత్తితే తిరిగి కొట్టకుండా అన్న నిలబడటం అంతకు ముందు నేనెన్నడూ చూడలేదు. మూడోసారి లేచిన ఎయిర్‌గన్ గాలిలోనే ఆగింది. ఆసామి కొడుకు రొప్పుతున్నాడు. కుడి చేయి ఎత్తబోయాడు, అది లేవలేదు. తుపాకీ దించేశాడు.

అప్పటికే అన్నను కొట్టడం చూసిన మా వాళ్లు గెడలతో రోడ్డు దాటి పరుగెత్తుకొస్తున్నారు. అన్న వెనక్కి తిరిగి గేటుకు అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. అతని ముఖమంతా రక్తం.

"ఎవడన్న ఈ గేటు దాటిండో, ముందు నన్ను నరకాల్సొస్తది," అన్నాడు. తర్వాత తల తిప్పకుండానే నన్ను పిలిచాడు. "చెల్లె, వీళ్లకు చెప్పు. నాకు చెప్పినట్టే చెప్పు."

ముందు మా గెడలు, వెనక తోటవాళ్ల కర్రలు. నడుమ నేను. గెడలు కిందికి దిగలేదు, కానీ ఎవరూ ముందుకు అడుగు వేయలేదు. గాలికి బరువుంటుందని మొదలుపెట్టాను.